కచేరీ స్తంభాలకు నేను పూసిన సిమెంటు

నేను రిటైరవడానికి సరిగ్గా పద్దెనిమిది నెలల ముందు, జూన్ నెలాఖరున, బిలాస్‌పూర్ పాత కచేరీ భవనం పోర్టికో పరిస్థితి మీద నివేదిక ఇవ్వమని నాకు ఉత్తర్వు అందింది. అప్పటికి నేను ప్రభుత్వ భవనాలు చూసే శాఖలో ఎస్‌డీఓని. అంటే ఒక సబ్ డివిజన్‌లో ఉన్న కట్టడాలన్నిటికీ జవాబుదారీ. కొలతలు తీసేది సబ్ ఇంజనీరు, వాటిని సరిచూసి సంతకం పెట్టేది ఎస్‌డీఓ, మంజూరు చేసేది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఏదైనా ఊడిపడితే తిట్లు తినేది మళ్ళీ ఎస్‌డీఓ.

ఊడిపడింది నిజమే. ఉత్తర్వుకు రెండు రోజుల ముందు, మొదటి గట్టి వానకు, నాలుగో స్తంభం మీంచి తలుపంత ప్లాస్టరు పెచ్చు ఊడి కింద పడింది. ఆ స్తంభం దగ్గర అర్జీలు రాసే పెద్దాయన బల్ల రెండు ముక్కలైంది. ఆయన టీకి వెళ్ళాడు కాబట్టి బతికాడు. మర్నాటికల్లా ఊళ్ళో ప్రతివాడూ ఇంజనీరయ్యాడు. పునాది కుంగిందని ఒకరు, భూమి కదిలిందని ఒకరు, అసలు ఆ కట్టడానికే ఆయుష్షు తీరిందని ఒకరు. కట్టడం గురించి తెలిసినవాళ్ళు తప్ప అందరూ మాట్లాడారు.

ఈ కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. ఊరికీ రైల్వే కాలనీకీ నడుమ, రైలొచ్చాక ఊరు పెరిగిన రోజుల్లో దాన్ని కట్టారు. మనిషెత్తు అరుగు, పదకొండు మెట్లు, ముందు ఆరు గుండ్రటి స్తంభాలు, వాటి నెత్తిన ముక్కోణపు గోడ. గ్రీకుల గుడి ముఖం తెచ్చి మన కచేరీకి తగిలించారన్నమాట. దొరలకు న్యాయమంటే ఆ ముఖమే కాబోలు. మెట్లెక్కి వచ్చే మనిషి తల ఎత్తి చూడాలి, కాస్త జంకాలి, అదీ ఉద్దేశం. ముఖం గ్రీకుదైనా ఒళ్ళు మాత్రం అచ్చంగా ఇక్కడిదే. మూడువైపులా వరండా, గోడల మీద ఎత్తున గాలికోసం రోషన్‌దాన్లు, పైకప్పుకు పాత రైలు పట్టాలు పరిచి వాటి నడుమ ఇటుక కమానులు. వేసవిలో ఊరు నిప్పుల కొలిమిలా ఉన్నప్పుడు కూడా లోపల కూర్చోగలిగేవాళ్ళం, ఏసీల కోసం రోషన్‌దాన్లన్నీ ఇటుకలతో మూసేసేదాకా.

ఆ స్తంభాలు ఎక్కణ్ణుంచో గూడ్సు బళ్ళలో తెచ్చిన ఏకశిలలని బిలాస్‌పూర్‌లో అందరూ నమ్ముతారు. సదర్ బజార్‌లో ఏ దుకాణంలో అడిగినా అదే చెబుతారు, అడగకపోయినా చెబుతారు. అవి రాయి కాదు, ఇటుక. ఒక అంచు సన్నగా అచ్చుపోసి కాల్చిన ఇటుకల్ని గుండ్రంగా పేర్చి, పైన సున్నపు గచ్చు పూసి, ఆ గచ్చు మీద రాళ్ళ అతుకుల్లా సన్నటి గీతలు గీశారు. దూరం నుంచి రాయిలా కనబడాలని. ఇంకో సంగతి కూడా ఉంది. స్తంభం కింద ఉన్న లావు పైన ఉండదు, అది అందరికీ కనబడుతుంది. కానీ అది తిన్నగా సన్నబడదు. మూడో వంతు ఎత్తు దాకా ఒకే లావుగా లేచి, అక్కణ్ణుంచి రవ్వంత ఉబ్బి, మెల్లగా సన్నబడుతుంది. తిన్నగా కడితే నడుము నొక్కినట్టు కనబడుతుందని గ్రీకులు కనిపెట్టిన కిటుకు అది. ఆ వంపును ఇటుకతో, తాపీతో, కంటి అంచనాతో తెచ్చిన మేస్త్రీ పేరు ఎక్కడా లేదు. దొర పేరూ లేదు. పాత కాగితాల్లో నాకు దొరికిందల్లా గుడ్డ మీద గీసిన ఒక నక్షా, దాని మూలన చెదలు తిన్న సంతకం.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, ముప్పై ఏళ్ళ కిందట ఆ స్తంభాలకు మరమ్మతు చేయించింది నేనే.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి లోకోషెడ్‌లో ఫిట్టరుగా వచ్చారు. నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లో. డిప్లొమా చేసి ఈ శాఖలో సబ్ ఇంజనీరుగా చేరాను. ఈ ఊళ్ళో తెలుగువాడి అసలు పేరుతో ఎవరికీ పనిలేదు, అందరూ రావ్ సాబ్‌లే. నేనూ రావ్ సాబ్‌నే అయ్యాను. చేరిన రెండో ఏడు కచేరీకి ఎవరో పెద్దమనిషి వస్తున్నారని, స్తంభాల మీద గచ్చు అక్కడక్కడా పెచ్చులూడింది, నెల రోజుల్లో సాపు చెయ్యాలని అప్పటి మా ఎస్‌డీఓ నోటిమాటగా చెప్పారు. ఎలా చెయ్యాలో చెప్పలేదు, అది నాకే వదిలేశారు. ఆయన ఇప్పుడు లేరు, తప్పంతా ఆయన మీదకు తోసెయ్యడం చాలా తేలిక. కానీ ఆ నిర్ణయం నాదే.

మా శాఖలో పనికి అంచనా వెయ్యాలంటే షెడ్యూల్ అనే ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. ఏ పనికి ఏ సామాను, ఎంత మంది మనుషులు, ఏ ధర అన్నీ అందులో వరసగా ఉంటాయి. అప్పటి ఆ పుస్తకంలో సిమెంటు ప్లాస్టరుకు రెండు పేజీలున్నాయి. గానుగ సున్నపు గచ్చుకు ఒక్క వాక్యం కూడా లేదు, ఎప్పుడో తీసేశారు. షెడ్యూల్‌లో లేని పని చేయించాలంటే ప్రత్యేకంగా ధర లెక్కగట్టి, పైవాళ్ళ చేత ఒప్పించి, వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులు రాసి, ఇదంతా అయ్యేసరికి ఆ పెద్దమనిషి వచ్చి వెళ్ళిపోతాడు. అందుకని అంచనాలో 'గచ్చు' అని ఉండవలసిన చోట 'సిమెంటు ప్లాస్టరు' అని రాసేశాను. దేశంలో నాలాంటి సబ్ ఇంజనీర్లు ఎంతమంది ఇదే చేశారో దేవుడికే తెలియాలి. పాత కట్టడానికి ఏం కావాలని ఎవరూ అడగలేదు, పుస్తకంలో ఏముందని అడిగాం.

ఆ పనికి తాపీ మేస్త్రీ అప్పలసూరి. మా క్వార్టర్ల వెనక లైనులోనే ఉండేవాడు, మా నాన్నను బావా అని పిలిచేవాడు, నేను అతన్ని మావా అనేవాణ్ణి, నన్ను మాత్రం బావు అనేవాడు, అంటే బాబు. సున్నం పని అతనికి వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. సిమెంటు బస్తాలు దిగుతుంటే చూసి, తాపీ కిందపెట్టి నా దగ్గరకు వచ్చాడు.

"సున్నం గోడకి సిమెంటు తగిలిస్తే లోనకెల్లిన నీరు లోనే ఉండిపోతాది బావు. పైకి నున్నగుంటాది, లోన ఇటుక కుళ్ళిపోతాది."

నేను షెడ్యూల్ గురించి చెప్పాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, ఆ పుస్తకం కొత్తగా చేతికొచ్చింది, దాని మీద నాకు గొప్ప గౌరవం.

"గోడకి నీ షెడ్యూలు తెల్దు బావు," అన్నాడు.

నలుగురు కూలీల ముందు అన్నాడని నాకు ఒళ్ళు మండింది. అప్పలసూరిని స్తంభాల మీంచి తీసేసి ప్రహరీగోడ పనికి పంపించి, వేరే మేస్త్రీని పెట్టాను. సిమెంటు పూసి, పొడుగాటి బద్ద ఆనించి పైనుంచి కిందిదాకా తిన్నగా సాపు చేశాం. గీతలు పోయాయి. ఆ ఉబ్బు పోయింది. నునుపుగా, మొద్దుగా తయారైన ఆ ఆరు స్తంభాల్ని చూసి మా ఎస్‌డీఓ నా భుజం తట్టారు, నేనూ పొంగిపోయాను.

ఇక ముప్పై ఏళ్ళ తర్వాత, ఆ జూన్‌కు వద్దాం. నివేదిక రాసేది నేను, దాన్ని తేల్చే కమిటీలో ముగ్గురం. అధ్యక్షుడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు తివారీ గారు, సభ్యుణ్ణి నేను, మూడో ఆయన పక్క సబ్ డివిజన్ నుంచి వచ్చిన మనిషి, సంతకం ఎక్కడ అని తప్ప వేరే ప్రశ్న వేసి ఎరగడు. నివేదికలో ఒక గడి ఉంటుంది, 'దెబ్బతినడానికి కారణం' అని. అందులో వయసు అనో, పునాది కుంగడం అనో రాస్తే పోర్టికోను కండెమ్ చేసినట్టు. అంటే పనికిరానిదని తేల్చి కూల్చెయ్యవచ్చు. వేరే కారణం రాస్తే, ఆ కారణాన్ని తొలగించవచ్చా లేదా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ఒక్క గడి మీదే ఆ భవనం ముఖం ఉంటుందో పోతుందో ఆధారపడి ఉంది.

తివారీ గారు మొదటి సమావేశానికే కొత్త పోర్టికో డ్రాయింగుతో వచ్చారు. అద్దాలు, అల్యూమినియం రేకులు, కారు నేరుగా గుమ్మం దాకా రావడానికి వాలు దారి. ఇంకా స్తంభాన్ని ఎవరూ ముట్టి చూడలేదు. "దేఖియే రావ్ సాబ్, వయసైపోయిందని రాసేద్దాం, ఎవరికీ నొప్పి ఉండదు," అన్నారు. పరీక్ష చెయ్యకుండా రాయలేనన్నాను. చేసుకోండి, రాసేది మాత్రం అదే కదా అన్నారు.

పరీక్షకు నాతో వచ్చింది సబ్ ఇంజనీరు స్వాతి. లోకోషెడ్‌లో పనిచేసిన మరో తెలుగు కుటుంబంలో మూడో తరం. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, తెలుగు చదవడం మాత్రం అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయింది. పని బాగా చేసేది. ముందు ఆ స్తంభాల మీద ఉన్న చెత్త తీయించడానికే రెండు రోజులు పట్టింది. వకీళ్ళ పేర్ల పలకలు మేకులతో కొట్టారు. ఏసీ పైపులు స్తంభానికి బొక్క పెట్టి పోనిచ్చారు. గుట్కా ఉమ్ముల్ని నేను వర్ణించను. ఒక పలక తీస్తుంటే దాని యజమాని వచ్చి, నాలుగేళ్ళుగా ఉన్నదాన్ని ఎవరు తీయమన్నారని స్వాతిని నిలదీశాడు. చట్టం చదువుకున్న మనిషి, ప్రభుత్వ గోడకు మేకు కొట్టడం తన హక్కు అనుకున్నాడు.

తర్వాత చెక్క సుత్తితో స్తంభాన్ని అంగుళం అంగుళం తట్టాం. గట్టి ప్లాస్టరు కంగుమంటుంది, లోపల విడిపోయినది డొల్లగా పలుకుతుంది. ఆరింట్లో నాలుగు స్తంభాలు కొబ్బరిచిప్పల్లా పలికాయి. తూకం గుండు వేలాడదీసి చూశాం, ఒక్కటీ పక్కకు వాలలేదు. పగుళ్ళకు అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికించి, పక్కన తేదీ రాశాం. పునాది కదులుతుంటే గాజు పుటుక్కున విరుగుతుంది. వానాకాలం సగం గడిచినా ఒక్క గాజూ విరగలేదు. చివరికి నాలుగో స్తంభం మీద చదరపు అడుగు మేర సిమెంటు చెక్కించాను. వెనక ఇటుక తడిసి, ఉప్పు తెల్లగా పేరుకుని, వేలితో గీకితే పొడిగా రాలింది. తివారీ గారు రాసేద్దామన్న వయసు అక్కడ ఎక్కడా లేదు. స్తంభాల మీద, సిమెంటు పూయని ముక్కోణపు గోడలో అదే ఇటుక, అదే వయసు, నిక్షేపంగా ఉంది.

"సర్, యే ప్లాస్టర్ కిస్‌నే కియా థా? ఎవరు చేశారో, బుర్రలేని పని," అంది స్వాతి.

చేయించింది నేనే అన్నాను. ఆమె సుత్తి కింద పెట్టి, సారీ సర్ అంది. బుర్రలేని పనిని బుర్రలేని పని అంటే సారీ ఎందుకని విసుక్కున్నాను. నిజానికి ఆ విసుగు ఆమె మీద కాదు.

ఇప్పుడు నా ముందున్న చిక్కు చాలా సాదాది. వయసు అని రాస్తే పోర్టికో పోతుంది, నాకేమీ కాదు. సిమెంటు అని రాస్తే పోర్టికో దక్కుతుంది, ఎందుకంటే సిమెంటు తీసి గచ్చు పూస్తే జబ్బు నయమవుతుంది. కానీ ఆ సిమెంటు ఎవరు పూశారన్న ప్రశ్న వస్తుంది. శాఖాపరమైన విచారణ మొదలవుతుంది. విచారణ తేలకుండా రిటైరైతే పెన్షన్ పూర్తిగా తేలదు, పైగా ముప్పై రెండేళ్ళ సర్వీసుకు చివర మచ్చ. తివారీ గారు దుర్మార్గులేం కాదు, ఈ సంగతి నాకు మెత్తగానే గుర్తు చేశారు. "అచ్ఛా, ఆ పాత బిల్డింగు కోసం మీరెందుకు రావ్ సాబ్ ఉరేసుకుంటారు?" అన్నారు.

నాకు ఆ భవనం మీద పిచ్చి ప్రేమేమీ లేదు. దొరలు జంకించడానికి కట్టిన ముఖం అది, ఆ మెట్ల మీద ముసలివాళ్ళు పడే పాట్లు రోజూ చూశాను. కానీ నేను పాడుచేసినదాన్ని ముసలిదై పాడైందని రాయడం నాకు మింగుడు పడలేదు. నాలుగు రోజులు ఆ ఫైలును నెహ్రూ నగర్‌లో మా ఇంటికీ ఆఫీసుకీ మోశాను. ఐదోనాడు మా ఆవిడ సత్యవతి, "ఏటండీ, ఆ ఫైలుకి కూడా కంచం పెట్టమంటారా?" అంది. చిక్కు మొత్తం చెప్పాను. ఆమె విని, "రాసీండి. రాయకపోతే మీరు రిటైరై ఇంట్లో కూకున్నన్నాళ్ళూ ఆ గోడ గొడవ నాను ఇనాలి," అని లేచి వెళ్ళిపోయింది.

రాశాను. 'కారణం: పూర్వపు మరమ్మతులో సున్నపు గచ్చు స్థానంలో వేసిన సిమెంటు ప్లాస్టరు. ఆ పని ఈ నివేదిక రాస్తున్న అధికారే చేయించాడు. పునాదిలో కదలిక లేదు. సిమెంటు తొలగించి గచ్చు వేస్తే పోర్టికో నిలుస్తుంది.' అంతవరకే రాశాను. మేస్త్రీ వద్దన్నాడని రాయలేదు. ఆ ఫారంలో దానికి గడి లేదని నాకు నేను చెప్పుకున్నాను. గడి లేదన్న మాట నిజమే, కానీ రాయకపోవడానికి కారణం అది కాదు.

తివారీ గారు నివేదిక రెండుసార్లు చదివారు. తర్వాత తన అసమ్మతి రాసి పైకి పంపారు. మూడో సభ్యుడు రెండింటి కిందా సంతకం పెట్టాడు. పైనుంచి రెండు కాగితాలు ఒకే కవరులో వచ్చాయి. ఒకటి, పోర్టికోను కూల్చకుండా బాగుచెయ్యమని ఉత్తర్వు. రెండోది, నాకు షోకాజ్ నోటీసు, అంటే మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని అడిగే కాగితం. నేను బాగుచేయించాలి, నేనే సంజాయిషీ ఇచ్చుకోవాలి. మా శాఖకు ఇందులో వింతేమీ కనబడలేదు.

గచ్చు పనికి ఇప్పటికీ షెడ్యూల్‌లో గడి లేదు. ధర విశ్లేషణ రాసి పంపితే మూడుసార్లు తిప్పి పంపారు. సున్నం మూడు వారాలు నానాలంటే, రెండు రోజుల్లో నానే రకం ఎందుకు వాడరని అడిగారు. నీళ్ళలో కరక్కాయ, బెల్లం కలుపుతామంటే, ఈ సరుకులు ఏ నాణ్యతా ప్రమాణం కింద వస్తాయో తెలపమన్నారు. బెల్లానికి ప్రమాణపత్రం తెప్పించడానికి స్వాతి కిరాణా కొట్టువాడితో ఒక పూటంతా పోట్లాడింది. అతను చివరికి తన బిల్లు పుస్తకం మీద 'బెల్లం బాగుంది' అని హిందీలో రాసి ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితం ఫైల్లో పెట్టాం, దాని మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

గచ్చు వెయ్యగల మేస్త్రీ కోసం వెతికితే ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. అప్పలసూరి ఊరి శివారున మోప్కాలో కూతురి దగ్గర ఉంటున్నాడని తెలిసి వెళ్ళాను. డెబ్బై అయిదు దాటాయి, చేతులు వణుకుతున్నాయి, చూపు మాత్రం అలాగే ఉంది.

"ఏటి బావు, ఇన్నేళ్ళకి ఆ గోడ గుర్తొచ్చిందేటి?" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే అయింది మావా అన్నాను. అతను దానికి సంతోషించలేదు, నన్ను ఎత్తిపొడవనూ లేదు. సున్నం ఎక్కడిదని అడిగాడు. చెప్పాను. అది పనికిరాదన్నాడు. అక్కణ్ణుంచి నాలుగు నెలలు అతను స్తంభాల ముందు కుర్చీ వేసుక్కూర్చుని, అందర్నీ తిట్టి పని చేయించాడు. ఇద్దరు కుర్ర మేస్త్రీలు రోజుకోసారి మానేస్తామన్నారు. గానుగలో సున్నం తిరుగుతుంటే వేళ్ళ మధ్య నలిపి చూసి మళ్ళీ తిప్పమనేవాడు. ఎన్ని తిప్పులని స్వాతి అడిగితే, "అది సెప్పేదాకా తిప్పాలమ్మా," అనేవాడు. ఆమె నోటు పుస్తకంలో ఏం రాసుకోవాలో తెలియక తల పట్టుకునేది. సిమెంటు పూర్తిగా చెక్కేశాక పాత గచ్చు మిగిలిన చోట రాతి అతుకుల గీతలు బయటపడ్డాయి. ఆ ఉబ్బు కూడా బయటపడింది. అప్పలసూరి కుర్చీలోంచి లేచి, పరంజా ఎక్కవద్దన్నా వినకుండా రెండు మెట్లెక్కి, ఆ వంపు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చెక్కతో దాని అచ్చు కోయించి, ఆరు స్తంభాలకూ అదే వంపు తెప్పించాడు. ఇంత పట్టుదల మనిషిని ముప్పై ఏళ్ళ కిందట ప్రహరీగోడకు పంపించాను.

విచారణ నా రిటైర్మెంటుకు రెండు నెలల ముందు జరిగింది. విచారణాధికారి వేరే జిల్లా నుంచి వచ్చిన రిటైర్డు అధికారి, మంచివాడు, ఫైలు నిజంగా చదివాడు. ఆయన ఆలోచన నాకు అర్థమైంది. ఆ రోజుల్లో అందరూ సిమెంటే వాడేవారు, అది తప్పని ఎవరికీ తెలియదు, ఎవరూ హెచ్చరించలేదు అని రికార్డులోకి ఎక్కితే, అది ఆనాటి అలవాటు అవుతుంది, నిర్లక్ష్యం కాదు. కేసు మూసెయ్యవచ్చు. అందుకోసం పాత మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, తెప్పించి, అందులో పేరున్న వాళ్ళలో బతికున్న ఒకే ఒక్క మనిషిని సాక్షిగా పిలిచాడు. అప్పలసూరి వచ్చాడు. యాభై ఏళ్ళు బిలాస్‌పూర్‌లో బతికి, హిందీలో బేరాలాడి, హిందీలో తగువులాడిన మనిషి, ఆ రోజు తనకు హిందీ రాదన్నాడు. స్వాతి అనువాదానికి కూర్చుంది.

సిమెంటు వేస్తున్నప్పుడు మీరుగాని, ఇంకెవరైనాగాని అభ్యంతరం చెప్పారా అని విచారణాధికారి అడిగాడు.

"నేదండి. నానేటీ సెప్పనేదు. నాకేటి తెల్సు, సెప్పిన పని సేసినాను," అన్నాడు అప్పలసూరి. నా వైపు చూడలేదు.

స్వాతి ఉన్నదున్నట్టు అనువదించింది. గుమాస్తా రాసుకున్నాడు. నాకు ఊరట కలిగిందని చెప్పకపోతే అది అబద్ధమవుతుంది. ఆ వెంటనే సిగ్గేసింది, దాని వెనకే చెప్పలేనంత కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట ఆ స్తంభాల దగ్గర సరైన మాట అన్నది ఆ మనిషి ఒక్కడే. నన్ను గట్టెక్కించడానికి, తనకు ఏమీ తెలియదని, తనో మట్టి మోసే కూలీనని ప్రభుత్వ రికార్డులో రాయిస్తున్నాడు.

ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారికి సాక్షిని ప్రశ్నించే హక్కు ఉంటుంది. నేను లేచి ఒకటే అడిగాను. ఆ రోజు నిన్ను స్తంభాల మీంచి తీసి ప్రహరీగోడకు ఎందుకు పంపించాను మావా అని.

అతను తల దించుకున్నాడు. స్వాతి ఆ ప్రశ్నను హిందీలోకి మార్చింది. విచారణాధికారి నన్ను కళ్ళజోడు మీంచి చూసి, రావ్ సాబ్, ఈ ప్రశ్న మీకు అవసరమా అని అడిగాడు. అవసరమే అన్నాను. అప్పుడు నేనే చెప్పాను. ఈయన సిమెంటు వద్దని, ఇటుక లోపల కుళ్ళిపోతుందని నాకు చెప్పాడు, నలుగురి ముందు చెప్పాడని కోపంతో నేను ఈయన్ని పనిలోంచి మార్చాను, ఇది రాసుకోండి అన్నాను. గుమాస్తా విచారణాధికారి వైపు చూశాడు. ఆయన నిట్టూర్చి, రాయమని తలాడించాడు.

బయటికొచ్చాక అప్పలసూరి నాతో నాలుగు అడుగులు నడిచి ఆగాడు.

"నాను నీ కోసం అబద్ధమాడితే, నువ్వు నన్ను అందరి ముందూ అబద్ధాలోడ్ని సేసినావు బావు," అన్నాడు. తర్వాత మోప్కా ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

నాకు సెన్షూర్ పడింది. అంటే తప్పు చేశాడని సర్వీసు పుస్తకంలో రాతపూర్వకంగా మందలించడం. శిక్షల్లో చిన్నదే, కానీ పుస్తకంలో ఆఖరి పేజీ అదే అయింది. పోర్టికో మాత్రం నిలిచింది. ఆ తర్వాత వచ్చిన వానల్లో ఎక్కడా ఉబ్బలేదు, సుత్తితో తడితే కంగుమంటోంది. వకీళ్ళు మళ్ళీ పలకలు కొట్టడం మొదలుపెట్టారు. స్వాతి పీకిస్తోంది, వాళ్ళు కొడుతున్నారు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది పనికి సంబంధించిన ఒక్క విషయం. సైటు దగ్గర మేము ఒక పుస్తకం పెడతాం, అందులో అధికారి ఇచ్చిన ఉత్తర్వులు రాస్తాం, మేస్త్రీ చెప్పిన అభ్యంతరం రాయం. రాయాలి, అతని పేరుతో, తేదీతో, ఆ రోజే రాయాలి. రాసినా రాయకపోయినా తప్పు ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అది పెద్ద సంగతి కాదు. రాయకపోతే మాత్రం, ముప్పై ఏళ్ళు గడిచాక, మనల్ని ఆపబోయిన మనిషే వచ్చి, తానా మాట అనలేదని మనకోసం సాక్ష్యం చెప్పవలసి వస్తుంది.